పక్కటెముకలకి గట్టి కట్టు కట్టమని రాయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పేపరు మా పర్లాకిమిడికి శ్రీకాకుళం ఎడిషనే వస్తుంది, పాతపట్నం మీదుగా, ఒక్కోరోజు పాలవాడి కన్నా ముందు, ఒక్కోరోజు టిఫిన్లు అయిపోయాక. ఒడిశాలో ఉన్నా మా ఇళ్లలో తెలుగే కాబట్టి హెల్త్ పేజీని మా ఆవిడ దగ్గర్నుంచి ఎదురింటి తాతగారి దాకా అందరూ చదువుతారు. చదివి ఊరుకుంటే నాకు ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు, చదివింది చేస్తారు కూడా. మొన్నామధ్య ఆ పేజీలో ఒక బాక్స్ కట్టి, పక్కటెముక విరిగితే నూలుగుడ్డతో ఛాతీ చుట్టూ బిగించి కట్టాలని, ఎంత బిగువుగా కడితే అంత తొందరగా అతుక్కుంటుందని వేశారు. పక్కన ఒక బొమ్మ, అందులో పన్నెండు జతల పక్కటెముకలూ ముందుకొచ్చి రొమ్ము ఎముకకి అతుక్కుపోయి ఉన్నాయి. బొమ్మ తప్పు. సలహా అంతకన్నా పెద్ద తప్పు. బొమ్మ వల్ల ఎవరి ప్రాణం మీదకీ రాదు, సలహా వల్ల వస్తుంది.

నేను డాక్టర్ని కాను, ఎక్స్‌రే టెక్నీషియన్ని. రిపోర్టు రాయడం నా పని కాదు. కానీ కుర్రతనం నుంచీ ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి నా చేతి మీదుగా వెళ్లిన ఛాతీ ఫిల్ములకి లెక్కా పత్రం లేదు. ఛాతీ ఎక్స్‌రే అంటే చూసేవాళ్లకి చాలా చిన్న పని. మనిషిని స్టాండుకి ఛాతీ ఆనించి నిలబెట్టి, గడ్డం పైకెత్తించి, చేతులు నడుం మీద పెట్టించి, మోచేతులు ముందుకి తోయిస్తాం, వీపు మీది రెక్క ఎముకలు ఊపిరితిత్తులకి అడ్డం రాకుండా పక్కకి తప్పుకోవాలని. తర్వాత అసలు మాట, 'గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టండి'. తెలుగువాళ్లకి తెలుగులో, ఒడియా వాళ్లకి 'నిశ్వాస నిఅంతు, బంద్ కరంతు' అని, కొండ దిగి వచ్చిన సవర వాళ్లకైతే వాళ్ల మాట నాకు అరకొరగానే వచ్చు కాబట్టి నేనే పీల్చి, బిగబట్టి, బుగ్గలు ఉబ్బించి చూపిస్తాను. వాళ్లు నవ్వేస్తారు, ఊపిరి కాస్తా పోతుంది, మళ్లీ మొదటికి.

ఆ ఒక్క ఊపిరి కోసం ఎందుకింత తంటా అంటే, ఫిల్ము పనికొస్తుందా లేదా అని మేం మొదట చూసేది అక్కడే. పక్కటెముకల వెనక భాగాల్ని పైనుంచి లెక్కపెట్టుకుంటూ కిందికి వస్తాం. డయాఫ్రం, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డంగా ఉండే కండరం, దాని గీతకి పైన తొమ్మిదోదో పదోదో కనిపించిందా, మనిషి నిండుగా పీల్చినట్టు. ఏడు దగ్గరే ఆగిపోయిందా, సగమే పీల్చాడు. అలాంటి ఫిల్ములో ఊపిరితిత్తుల అడుగుభాగం నలిగి తెల్లగా కనిపిస్తుంది, గుండె ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది, లేని జబ్బు ఉన్నట్టు అనిపిస్తుంది.

గుమ్మా వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, జీలుగు చెట్టు మీంచి జారి పడ్డాడు. చొక్కా విప్పమంటే లోపల చంకల దగ్గర్నుంచి పొట్ట దాకా పాత పంచె చుట్టలు చుట్టి ఉంది, కొసల్ని కర్రపుల్లతో మెలేసి మరీ బిగించారు. 'ఎవరు కట్టేరు తాతా?' అంటే 'మా మేనల్లుడు బావూ, పేపర్లో చూసి కట్టేడు' అన్నాడు. ఆ మాట అనడానికే రెండుసార్లు ఆగాడు. అలాగే నిలబెట్టి తీస్తే ఏడో పక్కటెముక కూడా సరిగ్గా కనిపించలేదు. డాక్టరుగారు కట్టు విప్పించి, నొప్పికి ఇంజక్షన్ వేయించి, కాసేపు కూర్చోబెట్టి మళ్లీ తీయమన్నారు. ఈసారి తొమ్మిదోది తేటగా వచ్చింది. విరిగిన ఎముక అలాగే విరిగి ఉంది, దానికేమీ కాలేదు. గుడ్డ పోయింది, నొప్పి తగ్గింది, ఊపిరి లోపలికి వెళ్లింది. ఆ రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ బాక్స్ రాసిన వారికి ఇంకేమీ చెప్పక్కర్లేదు, కానీ రోగి ఫిల్ములు పేపరుకి పంపించే హక్కు నాకు లేదు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

అసలు ఛాతీ గోడ ఎలా ఉంటుందో చెప్తాను. వెనక 12 వెన్నుపూసలు, వాటి నుంచి బయల్దేరి చుట్టూ తిరిగి ముందుకొచ్చే 12 జతల పక్కటెముకలు, ముందు మధ్యలో రొమ్ము ఎముక. ఆడవాళ్లకి ఒకటి ఎక్కువ, మగవాళ్లకి ఒకటి తక్కువ అనేవాళ్లు మా వైపు ఇంకా ఉన్నారు. ఎవరికైనా 24 ఏ, 1543లోనే వెసాలియస్ అనే ఆయన శవాలు కోసి, చూసి, అచ్చువేసి పెట్టాడు. కొద్దిమందికి మాత్రం మెడ దగ్గర ఒక ఎక్కువ పక్కటెముక ఉంటుంది, అది ఆడా మగా తేడాకి సంబంధించింది కాదు.

ఈ 12 జతల్లో పై ఏడు జతలే ఎవరి దారిన వాళ్లు నేరుగా రొమ్ము ఎముకకి చేరేవి. 8, 9, 10 వాటికవి చేరలేవు, పైదాని మృదులాస్థికి అతుక్కుని దాని ద్వారా చేరతాయి. 11, 12 అసలు ముందుకే రావు, పక్కన కండలో ఆగిపోతాయి. ఏదీ ఎముకగా రొమ్ము ఎముకని తాకదు, మధ్యలో మృదులాస్థి ఉంటుంది. వేటమాంసంలో ఛాతీ ముక్క కొన్నప్పుడు ఎముక చివర తెల్లగా, నమిలితే కరకరలాడేది అదే. గుండె ఆగిపోయిన మనిషికి సీపీఆర్ చేస్తూ రొమ్ము ఎముకని కనీసం 5 సెంటీమీటర్ల లోతుకి నొక్కగలుగుతున్నామంటే ఆ వంగే ముక్కల పుణ్యమే. వయసు పైబడిన కొద్దీ వాటిల్లో సున్నం చేరి బిరుసెక్కుతాయి, అందుకే ముసలివాళ్ల ఛాతీ అంతగా సాగదు, చిన్న దెబ్బకే పక్కటెముక విరుగుతుంది.

మృదులాస్థి ఎక్స్‌రేలో కనపడదు. దీనివల్ల మా గదిలో జరిగే గొడవ మీకు చెప్పాలి. ఫిల్ము లైటుకి పెట్టగానే బంధువులు వెనకనుంచి తొంగి చూస్తారు, పక్కటెముకలన్నీ ముందుకొచ్చి గాల్లో తెగిపోయినట్టు ఉంటాయి, రెండు వైపులా. 'అన్నీ విరిగిపోయాయా సార్' అని ఒకటే టెన్షన్. ఈ మధ్య సెల్‌ఫోన్లో ఫొటో తీసి వైజాగ్‌లో ఉన్న కొడుక్కి పంపించేస్తున్నారు, అక్కడినుంచి ఫోను మీద ఫోను. అక్కడ ఏదీ తెగలేదు, ఉన్నది మనకి కనపడదు, అంతే. సున్నం చేరిన పెద్దవాళ్లలో ఆ ముక్కలు కూడా లీలగా కనిపిస్తాయి, సాధారణంగా మగవాళ్లకి అంచుల వెంబడి, ఆడవాళ్లకి నడిమధ్య. చాలాసార్లు పేరు చూడకుండానే ఫిల్ము ఆడమనిషిదా మగమనిషిదా చెప్పేయొచ్చు, ఇది మా వాళ్లలో ఒక సరదా.

ఇప్పుడు కదలిక సంగతి, అసలు విషయం అక్కడే ఉంది. పక్కటెముకని వెనక వెన్నుపూసలకి కట్టి ఉంచేది కీలు, అదీ చాలావాటికి రెండు చోట్ల. కీలు ఉన్నదే కదలడానికి. పై పక్కటెముకలు లేచినప్పుడు రొమ్ము ఎముక ముందుకీ పైకీ వస్తుంది, బోరింగు పిడి లేచినట్టు. కింది పక్కటెముకలు పక్కలకి లేస్తాయి, వాల్చిన బకెట్ పిడిని ఎత్తినట్టు. ఈ రెండు పోలికలూ నావి కావు, మెడికల్ కాలేజీల్లో పాఠం చెప్పేదే అలా. పక్కటెముకల మధ్య ఖాళీల్లో మూడు పొరల కండరాలు ఉంటాయి, కింద నేలలాగా డయాఫ్రం ఉంటుంది. డయాఫ్రం కిందికి దిగి, పక్కటెముకలు పైకి లేచి, లోపల చోటు పెరిగితేనే గాలి లోపలికి వస్తుంది. ఊపిరితిత్తులకి సొంతంగా ఉబ్బే శక్తి లేదు, గోడ ఎటు లాగితే అటు పోతాయి. ఊపిరితిత్తి మీద ఒక పొర, గోడ లోపలివైపు ఒక పొర, రెండింటి మధ్య పలచటి తడి. ఆ తడి వల్ల, అక్కడ ఒత్తిడి బయటి గాలి కన్నా కాస్త తక్కువగా ఉండటం వల్ల రెండూ ఒకదాన్నొకటి విడవకుండా కదులుతాయి.

కదలకుండా కూర్చున్నా ఊరికే ఉండదు ఈ గోడ. నిమిషానికి 15 సార్లు అనుకున్నా రోజుకి 20,000 సార్లకి పైనే, ఒక్కోసారి అర లీటరు గాలి. మా ఊరి కుర్రాళ్లు ఆర్మీ ర్యాలీలకి వెళ్తుంటారు, అక్కడ టేపు పెట్టి కొలుస్తారు, గాలి పీల్చితే ఛాతీ 5 సెంటీమీటర్లు పెరగాలి. పెరగకపోతే ఇంటికే. మీ బాక్స్‌లో చెప్పినట్టు కట్టు కట్టించుకుని ఆ 5 సెంటీమీటర్లు ఎవరైనా పెంచి చూపిస్తే నేను ఈ ఉత్తరం వెనక్కి తీసుకుంటాను.

చెయ్యి విరిగితే కట్టు ఉంది, కాలు విరిగితే కట్టు ఉంది, అలాంటప్పుడు పక్కటెముకకి ఎందుకు ఉండకూడదు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మా వైపు వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టే వాళ్లున్నారు, దూరం పోయి పుత్తూరు కట్టు కట్టించుకొచ్చిన వాళ్లూ ఉన్నారు, వాళ్లని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. చేతికి కట్టు కట్టాక ఆ చెయ్యి ఆరు వారాలు పనిచేయకపోయినా మనిషి బతుకుతాడు. ఛాతీకి ఆరు వారాలు సెలవు ఇవ్వలేం. పైగా పక్కటెముకకి బయటి బద్ద అవసరం కూడా తక్కువ, పైనా కిందా కండరాలతో పక్క ఎముకలకి కుట్టేసినట్టే ఉంటుంది, ఒకటి విరిగినా మామూలుగా పెద్దగా జరగదు, అదే అతుక్కుంటుంది. సుమారు ఆరు వారాలు పడుతుంది, కట్టినా కట్టకపోయినా. కడితే నొప్పి కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది, అది నిజమే, ఎందుకంటే కదలిక తగ్గింది. ఒకప్పుడు డాక్టర్లే వెన్ను నుంచి రొమ్ము దాకా అంటుకునే ప్లాస్టర్ పట్టీలు వరసగా వేసేవారు, పాత పుస్తకాల్లో ఆ బొమ్మలు ఉన్నాయి. తర్వాత వాళ్లే మానేశారు. మీ బాక్స్ ఆ పాత పుస్తకాల కాలం నాటిది కాబోలు.

ఎందుకు మానేశారంటే నిమోనియా. నొప్పికి భయపడి మనిషి పైపైన ఊపిరి తీస్తాడు, దానికి తోడు కట్టు. అడుగున ఉన్న గాలి గదులు మూసుకుపోతాయి. దగ్గు రావాలంటే ముందు నిండుగా పీల్చాలి, పీల్చలేడు కాబట్టి దగ్గలేడు, దగ్గలేడు కాబట్టి కళ్లె అక్కడే నిలిచిపోతుంది, నిలిచినచోట క్రిములు చేరతాయి. నాలుగైదు రోజులకి జ్వరం, ఆయాసం. పొగతాగేవాళ్లకి, అరవై దాటినవాళ్లకి ఇంకా తొందరగా. పెద్దవాళ్లలో పక్కటెముక విరగడం వల్ల కాదు, దాని వెనక వచ్చే నిమోనియా వల్ల ఎక్కువ ముప్పు.

మరి ఏం చెయ్యాలి? నొప్పి తగ్గించాలి, ఊపిరి తీయించాలి. ఇంతకు మించి పెద్ద రహస్యం లేదు. నొప్పి మాత్రని నొప్పి భరించలేనప్పుడు కాకుండా డాక్టరు చెప్పిన టైముకి వేసుకోవాలి, మనవాళ్లు ఇక్కడే పొదుపు చేస్తారు, 'ఓర్చుకుంటాలే' అంటారు, ఓర్చుకోవడం అంటే ఊపిరి తగ్గించుకోవడమే. దగ్గొచ్చినప్పుడు దిండుని దెబ్బ తగిలినచోట అదిమి పట్టుకుని దగ్గాలి. దగ్గేంతసేపే అదమాలి, తర్వాత వదిలేయాలి. పడుకుండిపోకూడదు, కూర్చోవాలి, నడవాలి. మూడు బంతుల ప్లాస్టిక్ పరికరం ఒకటి మందుల షాపులో కొన్ని వందల రూపాయలకి దొరుకుతుంది. గొట్టం నోట్లో పెట్టుకుని పీలిస్తే బంతులు లేస్తాయి, మొదటిది సెకనుకి 600 సీసీ గాలికి, రెండోది 900కి, మూడోది 1200కి. పీల్చాలి అని రెండుసార్లు రాస్తున్నాను, ఎందుకంటే పదిమందిలో చాలామంది దాన్ని సన్నాయిలా ఊదేస్తారు, బంతి లేవదు, పరికరం పాడైపోయిందని షాపువాడితో తగువు. ఇంట్లో అందరికీ కనిపించేలా పెట్టి మెలకువగా ఉన్నప్పుడల్లా గంటకోసారి పదిసార్లు పీల్పిస్తే, మనవలు పందెం కాస్తే, తాతయ్య తనంతట తనే కోలుకుంటాడు.

ఇంకో మాట, నా పొట్ట మీద కొట్టుకునే మాటే. పక్కటెముక విరిగిందో లేదో తేల్చడానికి మళ్లీ మళ్లీ ఎక్స్‌రే తీయించుకోకండి. సన్నటి విరుగుళ్లు ఎక్స్‌రేలో చాలా తప్పిపోతాయి, మృదులాస్థి దగ్గర విరిగితే అసలే కనపడదు. 'ఎక్స్‌రేలో ఏమీ లేదు' అన్నంత మాత్రాన విరగలేదని కాదు. ఛాతీ ఎక్స్‌రే తీసేది ముఖ్యంగా లోపల ఊపిరితిత్తి బాగుందా, గాలి గానీ రక్తం గానీ చేరిందా అని. విరిగిన ముక్క ఊపిరితిత్తి మీది పొరని గుచ్చితే దానికీ గోడ పొరకీ మధ్యకి గాలి దూరి ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది, అది ప్రాణం మీదకి రావచ్చు, అది ఫిల్ములో తెలుస్తుంది.

పెద్ద దెబ్బ సంగతి వేరు. ఘాట్ రోడ్డులో బైకు పడి వరసగా మూడు నాలుగు పక్కటెముకలు ఒక్కోటి రెండేసి చోట్ల విరిగితే, ఆ ముక్క గోడ నుంచి విడిపోయి, మనిషి పీలిస్తే లోపలికి, వదిలితే బయటికి, మిగతా ఛాతీకి ఎదురుగా ఆడుతుంది. చర్మాన్ని వేలితో నొక్కితే కరకరమంటే దాని కింద గాలి చేరినట్టు. దగ్గులో రక్తం, పెదాలు నీలం, ఆయాసం, వీటిల్లో ఏది ఉన్నా ఇంటి వైద్యం మాట ఎత్తకుండా 108కి ఫోన్ చెయ్యాలి. మొదటి పక్కటెముక కాలర్ బోన్ వెనక దాక్కుని ఉంటుంది, అది విరిగిందంటే ఎంత దెబ్బ తగిలిందో అర్థం చేసుకోవచ్చు.

కింది పక్కటెముకల గురించి మా జిల్లాలకి ప్రత్యేకంగా చెప్పాలి. ఛాతీ గోడ ఛాతీతో అయిపోదు. డయాఫ్రం గొడుగులా పైకి ఉబ్బి ఉంటుంది కాబట్టి కాలేయం కుడివైపు పక్కటెముకల చాటున, ప్లీహం ఎడమవైపు 9, 10, 11 పక్కటెముకల చాటున ఉంటాయి. గజపతి, రాయగడ, కొరాపుట్ కొండల్లో మలేరియా వచ్చిపోయిన వాళ్లు ఎంతమందో. మాటిమాటికీ మలేరియా వస్తే ప్లీహం ఉబ్బుతుంది, మా పెద్దవాళ్లు 'కడుపులో బల్ల పెరిగింది' అనేది దాన్నే. బల్ల ఉన్న మనిషికి ఎడమవైపు కింద దెబ్బ తగిలితే, ఆ ఎముక విరగడం కన్నా బల్ల చిట్లడం పెద్ద భయం. లోపలే రక్తం కారుతుంది, బయటికి ఏమీ తెలియదు. ఎడమ భుజంలో నొప్పి, కళ్లు తిరగడం, మొహం పాలిపోవడం, చల్లటి చెమటలు. అలాంటివాడి పొట్ట చుట్టూ గుడ్డ బిగించి పడుకోబెడితే తెల్లారేసరికి ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రికో, బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికో, శ్రీకాకుళానికో, ఏది దగ్గరైతే అక్కడికి పరిగెత్తాలి.

పక్కటెముక కింది అంచున లోపలివైపు ఒక గాడి ఉంటుంది. అందులో పైనుంచి కిందికి సిర, ధమని, నరం ఒకదాని కింద ఒకటి దాక్కుని వెళ్తాయి. ఈ చిన్న ఏర్పాటు తెలిస్తే ఆసుపత్రిలో జరిగే చాలావాటికి అర్థం దొరుకుతుంది. సర్పి వచ్చినవాళ్లకి పొక్కులు వీపు నుంచి ఒకే పక్కటెముక వెంబడి పట్టీలా ముందుకొచ్చి మధ్యగీత దగ్గర ఆగిపోతాయి, అది ఆ నరం దారి. సర్పి చుట్టూ తిరిగి రెండు కొసలూ కలిస్తే మనిషి పోతాడని భయపడతారు కదా, కుడి నరం కుడికే, ఎడమ నరం ఎడమకే. కింది పక్కటెముకల నరాలు అక్కడితో ఆగవు, పొట్ట గోడ మీదకి దిగుతాయి, పదో నరం బొడ్డు దగ్గరికి వస్తుంది. అందుకే కింది పక్కటెముక దగ్గర తేడా వస్తే మనిషి పొట్ట పట్టుకుంటాడు. చిన్నపిల్లలకి ఊపిరితిత్తి అడుగున నిమోనియా పట్టినా కడుపునొప్పి అనే చెప్తారు, పొట్టకి ఎక్స్‌రే రాసి పంపిస్తే ఫిల్ము పైఅంచున నిమోనియా కనిపించడం మా వృత్తిలో కొత్త కాదు.

టీబీ వల్ల నీరు చేరినవాళ్లకి సూదితో నీరు తీస్తామంటే సగం మంది పారిపోతారు, ఊపిరితిత్తిని పొడిచేస్తారని. నీరు ఉండేది ఊపిరితిత్తిలో కాదు, ఊపిరితిత్తికీ గోడకీ మధ్య. సూది వెళ్లేది కూడా గుడ్డిగా కాదు, రక్తనాళాలూ నరమూ పై పక్కటెముక కింది అంచున ఉంటాయి కాబట్టి కింది పక్కటెముక పై అంచుని ఆనుకుని వెళ్తుంది. పక్కటెముక విరిగి నొప్పికి తట్టుకోలేనివాళ్లకి నరం మొద్దుబారే ఇంజక్షన్ ఇచ్చేటప్పుడు మాత్రం దానికి ఎదురు, కింది అంచు దగ్గర, నరం ఉన్నచోటే. ఇది కట్టు కన్నా వందరెట్లు మేలు, నొప్పి పోతుంది, ఊపిరి ఉంటుంది.

చాలామంది అడిగేదే, గుండెనొప్పా గోడ నొప్పా అని. రొమ్ము ఎముక పక్కన వేలితో నొక్కితే సరిగ్గా అక్కడే కలుక్కుమంటే, అది మృదులాస్థి అతుకు దగ్గరి వాపు కావచ్చు, ప్రమాదం లేనిది. అయినా ఈ పరీక్ష ఇంట్లో చేసుకుని నిశ్చింతగా పడుకోమని నేను చెప్పను. బరువు పెట్టినట్టు నొప్పి, చెయ్యి లాగడం, చెమట ఉంటే ముందు ఈసీజీ. డాక్టర్లు లెక్కపెట్టే పద్ధతి మాత్రం ఎవరైనా తెలుసుకోవచ్చు: గొంతు గుంట నుంచి వేలిని కిందికి జార్చండి, మూడు వేళ్ల దూరంలో ఎముక మీద అడ్డంగా ఒక మెట్టు తగులుతుంది, దానికి పక్కనే ఉన్నది రెండో పక్కటెముక. ఈసీజీ తీసే అమ్మాయి బటన్లు అంటించే ముందు తడిమి వెతికేది ఆ మెట్టునే.

కాబట్టి అయ్యా, ఆ బాక్స్ తప్పని, అదే పేజీలో, అదే సైజులో వేయండి. మూల ఎక్కడో 'సవరణ' అని చీమల అక్షరాల్లో వేస్తే మా తాతల కళ్లకి ఆనదు.

సవరణతో పాటు పిల్లల సంగతి కూడా వేస్తే మేలు, వానలు మొదలయ్యాక మా దగ్గర అదే గోల. పసిపిల్లల పక్కటెముకలు పెద్దవాళ్లకిలా ఏటవాలుగా ఉండవు, దాదాపు అడ్డంగా ఉంటాయి, మెత్తగా ఉంటాయి. లేవడానికి పెద్దగా చోటు లేదు, అందుకే పసివాళ్లు పొట్టతోనే, అంటే డయాఫ్రంతోనే ఊపిరి తీస్తారు, వాళ్ల పొట్టకీ ఛాతీకీ బిగువుగా గుడ్డ చుట్టడం పెద్దవాళ్లకి చుట్టడం కన్నా ఇంకా అన్యాయం. నిమోనియా పట్టి ఊపిరితిత్తి బిరుసెక్కితే, డయాఫ్రం లాగే బలానికి ఆ మెత్తటి గోడ కింది భాగం లోపలికి పీక్కుపోతుంది. మనం డొక్కలు ఎగరేస్తున్నాడు అనేది అదే. దానికి కొన్ని కొండ ఊళ్లలో ఇంకా వాతలు పెడుతున్నారు, కాల్చిన ఇనుముతో, ఆ మచ్చలు ఎక్స్‌రే బల్ల మీద చొక్కా తీసినప్పుడు నాకు కనిపిస్తాయి.

బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం పెట్టుకుని నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60 గానీ ఆపైన గానీ, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 గానీ ఆపైన గానీ, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 గానీ ఆపైన గానీ ఉంటే ఊపిరి వేగం ఎక్కువైనట్టు, ఆశా కార్యకర్తకో ఆసుపత్రికో చూపించాలి. డొక్కలు లోపలికి పోతుంటే లెక్కతో పనిలేదు, వెంటనే తీసుకెళ్లాలి. ఈ అంకెల్ని పెద్ద అక్షరాలతో బాక్స్ కట్టి వేయండి, కత్తిరించి అంగన్‌వాడీ గోడకి అంటించే పూచీ నాది. వీలైతే కింద రెండు ముక్కలు ఒడియాలో కూడా వేయండి, మా పక్కింటి వాళ్లు మీ పేపర్లో బొమ్మలు మాత్రమే చూస్తారు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక ఎక్స్‌రే టెక్నీషియన్
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా